1849 నాటి కూలీల బట్టలు ఎలా తయారు చేయాలి?

ప్రశ్న (అమలాపురం నుంచి):
నమస్కారమండి. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజుల మీద చిన్న సినిమా తీస్తున్నాం. కథ 1849లో. కూలీలు ముప్ఫై మంది, అందులో ఆడవాళ్ళు పన్నెండు మంది. ఒక కరణం, ఇద్దరు దొరలు, ఒక పోలీసు కూడా ఉన్నారు. అద్దె డ్రెస్సుల షాపుకి వెళ్తే మట్టి మోసేవాడికి కూడా శాటిన్ తలపాగా తీశాడు. బడ్జెట్ తక్కువ. ఆడవాళ్ళ కట్టు గురించి ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

జవాబు (రాజమండ్రి నుంచి):
ముందు ఆ పోలీసుని తీసేయండి. మద్రాసు పోలీసు చట్టం వచ్చిందే 1859లో. ఖాకీ కూడా పటాలాల్లో బాగా వాడుకలోకి వచ్చింది 1857 తర్వాతే. అతని స్థానంలో కర్ర పట్టుకున్న బంట్రోతు చాలు, ఒక డ్రెస్సు ఖర్చు తగ్గింది కదా.

తర్వాత రంగులు. ఇంగ్లండులో పెర్కిన్ రసాయన రంగు కనిపెట్టింది 1856లో. మీ కథ అంతకు ముందుది కాబట్టి రాణీ కలర్, చిలకపచ్చ లాంటివి వద్దు. నీలిమందు నీలం, చిరివేరు ఎరుపు, పసుపు, కరక్కాయతో వచ్చే మట్టి రంగులు, వీటిలోనే ఉండండి. కూలీలకి ఎక్కువ భాగం కోరా బట్టే, అంటే చలవ చేయని, రంగు వేయని గుడ్డ. మిల్లు పంచెలు కొనకండి, ఆ తెలుపు ఎండలో కెమెరాకి నీలంగా కొడుతుంది. బండారులంక, పులగుర్త వైపు నేతవారిని ముతక కోరా అడిగి చూడండి.

ఒకసారి నేను పడ్డ పాట్లు చెబుతాను. పంచెలన్నీ కొత్తవి తెచ్చి పొద్దున్నే కట్టించేశాం. మానిటర్‌లో చూస్తే ప్రతివాడి తొడ మీదా చదరంగం గళ్ళే, ప్యాకెట్ మడతలు! గంజి పోయేలా రాత్రంతా నానబెట్టి, బండ మీద బాది, ఇస్త్రీ లేకుండా ఆరేయండి. తర్వాత కూలీ వేషాల వాళ్ళకి వారం ముందే ఇచ్చేసి ఇంట్లో కట్టుకోమనండి. కూర్చునేచోట, మోకాలి దగ్గర, అంచున అదే నలుగుతుంది. గరుకు కాగితంతో రుద్దినా వస్తుంది గానీ అంత సహజంగా రాదు.

ఇంకోటి, మగవాళ్ళు చొక్కా లేకుండా కనిపిస్తారు కదా, బనీను గీతలు, వాచీ మచ్చ బయటపడతాయి. పది రోజులు ఎండలో తిరగమనండి. క్రాపు మాత్రం తలగుడ్డ కింద దాచేయొచ్చు. కరణానికి పంచె, ఉత్తరీయం, బొందులతో కట్టుకునే అంగీ. గుండీలు వద్దు.

జవాబు (రావులపాలెం నుంచి):
ఆడవాళ్ళ సంగతి నేను చెబుతానండి. ఇప్పటి ఐదున్నర, ఆరు గజాల చీరతో గోచీ కట్టు నిండుగా రాదు. ఎనిమిది, తొమ్మిది గజాలు కావాలి. కొనలేకపోతే లోపలి కొంగుకి అదే రంగు గుడ్డ రెండు గజాలు అతకండి, అతుకు గోచీలోకి పోతుంది. మట్టి మోసేవాళ్ళకి చీర పిక్కల దాకా ఎత్తి కట్టండి, కొంగు నడుముకి దోపండి. ఆ రోజుల్లో అందరూ రవిక తొడిగేవారు కాదు. మీ అమ్మాయిలకి ఇబ్బంది లేకుండా ముందు ముడివేసే రవిక కుట్టించండి, హుక్కు మాత్రం వద్దు. ఎండలో తళుక్కుమంటుంది. పిన్నీసులు కూడా పెట్టకండి, నాలుగు టాకాలు వేసేయండి. కట్టుకుని తట్ట నెత్తిన పెట్టుకుని ఓ గంట నడిపించండి, ఎక్కడ జారుతుందో అప్పుడే తెలుస్తుంది.

అడిగినవారు:
పోలీసుని తీసేశామండి, ఆయ్! పాత తెలుపు రావడానికి టీ డికాక్షన్‌లో ముంచమంటున్నారు, నిజమేనా? షూటింగ్ ఆగస్టులో.

జవాబు (రాజమండ్రి నుంచి):
వేసవిలో అయితే టీయే దిక్కు. ఆగస్టంటే మీ ఊరి కాలవలోకి ఎర్రనీరు వచ్చేసుంటుంది. రెండు ఉతుకులు అందులో ఉతికించండి, ఆ మట్టి నీటికే పాత తెలుపు వచ్చేస్తుంది. దొరల బట్టలు మాత్రం బోరు నీళ్ళలో.