నెల్లూరు, ఒంగోలు సైడు పాత సోనీ పీవీఎం మానిటర్ యాడన్నా దొరుకుద్దా?

కావలి_క్యాసెట్:
అందరికీ నమస్తే. మాది కావలి. మా నాయన 90ల్లో పెళ్లి వీడియోలు తీసేవాడు, పానాసోనిక్ ఎం9000 భుజాన పెట్టుకుని, వెనకాల లైటు పట్టుకోడానికి మా చిన్నాన్న. ఆ వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఇప్పటికీ బీరువా నిండా ఉన్నాయి, ఇప్పుడు వాళ్లే వచ్చి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పెట్టు అబ్బయ్యా అని అడగతన్నారు. వీసీఆర్ ఉంది, వీడియోని కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ కార్డు కొన్నా. తంటా అంతా చూసుకోడానికే. ఎల్‌ఈడీ టీవీలో పెడితే బొమ్మ అలుక్కుపోయినట్టు వస్తంది, టేపు పోయిందా, వీసీఆర్‌లో టేపు చదివే హెడ్డు మురికా లేక టీవీ చేసే నిర్వాకమా తెలియట్లా. మద్రాసులో ఒకాయన స్టూడియోల్లో వాడే పీవీఎం ట్యూబు మానిటర్ పెట్టుకో అన్నాడు. ఓఎల్‌ఎక్స్‌లో ట్రినిట్రాన్ (సోనీ ట్యూబు పేరు) అని కొడితే అన్నీ ఇంటి టీవీలే. హైదరాబాద్‌లో ఒకతను 20 ఇంచులది, 800 లైన్లు, 28 వేలు అంటన్నాడు. నా దగ్గర ఉండేది పది వేలు. అప్పు చేసి కొనేదా? ఇటు సైడు దొరికేదుంటే చెప్పండన్నా.

ఒంగోలు_ట్యూబు:
తమ్ముడూ ఆ 28 వేలు జేబులోనే ఉంచుకో. నేను ముప్పై ఏళ్ల నుంచి టీవీలు బాగుచేస్తన్నా, ఆ లైన్ల లెక్క చెప్తా విను, లైన్లంటే బొమ్మ ఎంత సన్నగా, స్పష్టంగా కనపడుద్దో చెప్పే కొలత. వీహెచ్‌ఎస్ టేపులో ఉండేదే దాదాపు 240 లైన్లు. నువ్వు 800 లైన్ల మానిటర్ పెట్టినా టేపులో లేనిది యాడ నుంచి తెస్తది? పీవీఎం-14ఎం2 లాంటిది 600 లైన్లు, నీకు అదే ఎక్కువ. 800, 900 లైన్లంటూ బీవీఎంల (సోనీలోనే పీవీఎం కన్నా పై రకం) వెంట పడేది వీడియో గేముల పిచ్చోళ్లు, వాళ్ల వల్లే రేట్లు ఇట్టా పెరిగినయ్, వాళ్లతో పోటీ నీకెందుకు.

ఇంక దొరికే చోటు. అందరూ స్టూడియోల చుట్టూ తిరుగుతారు, ఆస్పత్రుల సంగతి ఎవరికీ గుర్తు రాదు. కడుపులో గొట్టం వేసి చూసే ఎండోస్కోపీ మిషన్ ఉంటది చూడు, దాని పైన పెట్టే పాత ట్యూబు మానిటర్ చాలాచోట్ల సోనీదే. మోడల్ నంబర్ చివర ఎండీ అని ఉంటే మెడికల్‌ది అని, లోపల సరుకు పీవీఎందే. ఒలింపస్ పేరుతో వచ్చే ఓఈవీ143, ఓఈవీ203 కూడా సోనీ చేసినవే, ఒకటి 14 ఇంచులు, ఇంకోటి 20. స్టూడియోవి బూడిద రంగు, ఇవి తెల్లగా ఉంటాయి, అందుకే ఎవరూ గుర్తుపట్టరు. నెల్లూరులో ఆస్పత్రులకేం కొదవ? ఎల్‌సీడీలు రాగానే వీటిని స్టోర్ రూముల్లో పడేశారు. స్టోర్ చూసుకునే అతన్నీ, మెడికల్ మిషన్లు సర్వీస్ చేసే కుర్రోళ్లనీ పట్టుకో. పాత సామాన్ల కొట్టుకి వెళ్లిందంటే మాత్రం రాగి కోసం నెక్ (ట్యూబు వెనకుండే సన్నటి గాజు మెడ) విరగ్గొట్టేస్తారు, ఆ లోపే పోవాల.

సోమశిల_నీళ్లు:
అన్నా ఇంత అవసరమా? మా ఇంట్లో 21 ఇంచుల ఒనిడా ఉంది, ఏవీ ఇన్ ఉంది, క్యాసెట్ పెడితే చక్కగా వస్తది. ఊరికే ఇస్తా తీసుకుపో.

ఒంగోలు_ట్యూబు:
సినిమా చూడ్డానికైతే ఒనిడా బంగారం, కాదన్ను. కానీ ఇంటి టీవీ అంచులు కోసి చూపిస్తది. పీవీఎంలో అండర్‌స్కాన్ నొక్కితే బొమ్మ నాలుగు మూలలూ కనపడతయ్. హెచ్‌వీ డిలే అని ఇంకో బటన్, అది నొక్కితే బొమ్మ పక్కకి జరిగి మామూలుగా దాక్కునే సింక్ భాగం (బొమ్మని కదలకుండా నిలబెట్టే సిగ్నల్) తెర మధ్యలోకి వస్తది, టేపు సాగిందా లేదా అక్కడ తెలిసిపోద్ది. క్యాసెట్ ఎక్కించే పనికి నువ్వు డబ్బులిచ్చేది ఈ రెండు బటన్లకే అనుకో.

గూడూరు_జంక్షన్:
అన్న చెప్పింది కరెక్టే గానీ నాకు జరిగింది కూడా విను, మళ్లీ నువ్వు మోసపోకుండా. పోయినేడు నెల్లూరులో ఒక ఆస్పత్రి మానిటర్ అని ఒకతను ఇచ్చాడు, ఆరున్నర వేలు. అక్కడ ఆన్ చేశాడు, ప్లెయిన్ నీలం తెర వచ్చింది, బ్రహ్మాండం అనుకుని ఆటోలో వేసుకొచ్చా. ఇంటికొచ్చి క్యాసెట్ పెట్టి చీకటి సీను రాగానే చూస్తే ఎడమ పక్కన నేమ్, ఏజ్, సెక్స్ అని ఇంగ్లీషు అక్షరాలు దెయ్యాల్లా నిలబడున్నయ్! రోజూ అదే స్క్రీను పదేళ్లు వేసి ఉంచితే తెర లోపల వెలిగే ఫాస్ఫర్ పూత కాలిపోయింది, అది ఇంక పోదు. అమ్మాయి తల మీద జీలకర్ర బెల్లం పెట్టే సీనులో పక్కన ఏజ్ అని కనపడతంటే మా ఆవిడ పడీపడీ నవ్వింది. అందుకని నువ్వు పోయేటప్పుడు నీ వీసీఆర్ నువ్వే తీసుకుపో, నీలం తెరకి పడిపోవద్దు, తెల్లటి బొమ్మ ఒకటి, నల్లటిది ఒకటి వేసి చూడు. అరగంటన్నా వేసి ఉంచు, ట్యూబు అలిసిపోయిందయితే వేసిన మొదట్లో మసగ్గా ఉండి మెల్లగా తేరుకుంటది. బీవీఎంలో అయితే మెనూలో ఎన్ని గంటలు వాడారో చూపిస్తది, ఈ ఎం2ల్లో ఆ సౌకర్యం లేదు, నీ కన్నే మీటరు.

ఇంకో సంగతి, వెనకాల నీ ఆర్‌సీఏ వైరు పట్టదు, బీఎన్‌సీ ఉంటది. భయపడొద్దు, సీసీ కెమెరాలు బిగించే ఏ కొట్లో అడిగినా బీఎన్‌సీ టు ఆర్‌సీఏ పిన్ను ఇస్తారు, ముందే రెండు కొనుక్కుని జేబులో వేసుకో. తెర మీద అడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తే అది లోపం కాదు, ట్రినిట్రాన్ తీగల్ని పట్టి ఉంచే డాంపర్ వైర్లు అవి, నేను తెలీక వాటిని చూపించి ఐదొందలు తగ్గించుకున్నా, హహ.

కావలి_క్యాసెట్:
అబ్బా ఇద్దరికీ దండాలు. ఇంకో డౌటు, శ్రీహరికోట షార్‌లో, గవర్నమెంటు ఆఫీసుల్లో పాత సామాను వేలం వేస్తారంటగా, అక్కడ ట్రై చేసేదా? లేకపోతే అమెరికా నుంచి ఈబేలో?

ఒంగోలు_ట్యూబు:
ఈ-వేస్ట్ కింద వేసేవి రిజిస్టర్ అయిన రీసైక్లర్లకే ఇస్తారయ్యా, నీకూ నాకూ పాట పాడే వీలు లేదు. అమెరికా మాట మర్చిపో, 14 ఇంచులదే పదహారు పదిహేడు కిలోలు, 20 ఇంచులది ముప్పైకి అటూఇటూ, షిప్పింగ్ ఖర్చుకి ఇంకో రెండొస్తయ్, పాత ఎలక్ట్రానిక్స్ తెప్పించుకోడానికి పర్మిషన్ల గోల వేరే. ఇక్కడ దొరక్కపోతే మద్రాసు పో. వడపళని, సాలిగ్రామం సైడు పాత ఎడిటింగ్ రూములు మూసేసినోళ్లని కనుక్కో, రిచీ స్ట్రీట్‌లో అడిగి పెట్టు. కారులో తెచ్చేటప్పుడు దుప్పటి మడతేసి దాని మీద తెర కిందికి పెట్టి పడుకోబెట్టు, బరువంతా ముందు అద్దంలోనే ఉంటది, వెనక్కి పడుకోబెడితే నెక్ దెబ్బతింటది. పోగానే ఎక్కడ నుంచి వచ్చిందో అడుగు, సముద్రం ఒడ్డున ఉన్న బిల్డింగయితే వెనక స్క్రూల తుప్పు చూడు, ఉప్పుగాలికి లోపల బోర్డు కూడా పోయి ఉంటది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా. కప్పు ఊడదీసి నువ్వే సరిచేద్దామని చెయ్యి పెట్టొద్దు. ట్యూబు పక్కన ఎర్ర వైరు కప్పులా ఉంటది, 20 వేల వోల్టులకి పైన, స్విచ్ తీసేసినా కాసేపు అట్టే నిలబడి ఉంటది. నాకే ఒకసారి మోచేయి దాకా కొట్టింది.

కావలి_క్యాసెట్:
మూడు వారాల తర్వాత వస్తన్నా. దొరికింది! మన నెల్లూరులోనే, అన్న చెప్పినట్టు మిషన్లు సర్వీస్ చేసే కుర్రోడి ద్వారా. తెల్లది, 14ఎం2 ఎండీ, ఏడు వేలు. అక్షరాలు కాలినయ్ గానీ బాగా పరికించి చూస్తే తప్ప తెలియట్లా. వీసీఆర్ నుంచి మానిటర్‌లోకి ఇచ్చి, దాని అవుట్ నుంచి క్యాప్చర్ కార్డుకి తీసుకున్నా, మానిటర్ ఆపేసినా క్యాప్చర్ నడుస్తంది, ఇది ఎట్టా అన్నా?

కానీ ఒక కంగారు. అండర్‌స్కాన్ నొక్కితే ప్రతి క్యాసెట్‌లోనూ కింద అంచున ఒక గీత వంకర్లు తిరిగి వణుకుతా ఉంది. హెడ్డు పోయినట్టేనా? ఈ రోజు మా మేనత్త పెళ్లి క్యాసెట్, 1994ది, మూడు సార్లు శుభ్రం చేసి పెట్టా, పోలా.

ఒంగోలు_ట్యూబు:
హెడ్డు నిక్షేపంగా ఉందిరా నాయనా, దాన్ని ఇంక రుద్దొద్దు, నువ్వే పోగొట్టేట్టున్నావ్. డ్రమ్ము మీద రెండు హెడ్లు ఉంటయ్, ఒకటి వదిలి ఇంకోటి అందుకునే చోట ఆ గీత వస్తది, వీహెచ్‌ఎస్ పుట్టినప్పటి నుంచి ఉంది. ఇంటి టీవీ ఆ అంచు కోసేస్తది కాబట్టి ఇన్నాళ్లూ నీ కంట పడలా. ఎక్కించేటప్పుడు కింద అంత మేర నల్లగా కప్పెయ్. ఇంక మానిటర్ ఆపినా క్యాప్చర్ నడిచే సంగతి, మానిటర్ లోపల ఇన్‌నీ అవుట్‌నీ నేరుగా కలిపేసి ఉంటది, అందుకే కరెంటు లేకపోయినా సిగ్నల్ దాటిపోద్ది. వైరు చివర సిగ్నల్‌ని సరిగ్గా ఆపే 75 ఓమ్ టెర్మినేషన్ అని ఒకటుంటది, నీదానికి అది దానంతట అదే మారుద్ది. పాత మోడళ్లలో దానికి వెనక స్విచ్ ఉంటది, మర్చిపోతే బొమ్మ తెల్లగా పేలిపోవడమో మబ్బుగా రావడమో, ఆ బాధ నీకు లేదు.

బూజు పట్టిన క్యాసెట్లు ఉంటే మాత్రం ముందు చెప్పు, వీసీఆర్‌లో పెట్టకముందే.

గూడూరు_జంక్షన్:
నా దాంట్లో ఏజ్ కూడా ఉంది, నీ దాంట్లో ఏ అక్షరాలు కాలినయ్ తమ్ముడూ?

కావలి_క్యాసెట్:
డాక్టర్ అని ఒక్కటే కనపడతంది అన్నా. పక్కన పేరు మాత్రం చదవడానికి రావట్లా.