అప్‌డేట్: విమ్‌లో కర్సర్ ఇప్పుడు బ్రాకెట్ల మధ్యే ఆగుతోంది

ప్రోగ్రామర్లు వాడే విమ్ టెక్స్ట్ ఎడిటర్‌లో ‘ఇఫ్’ అని కొట్టి స్పేస్ నొక్కగానే పక్కన జంట బ్రాకెట్లు వచ్చి, కర్సర్ వాటి మధ్య నిలవాలని అడిగాను. అబ్రీవియేషన్ (కొట్టిన మాట చోట మనం ముందే చెప్పి ఉంచిన పాఠాన్ని పెట్టే ఏర్పాటు) చివర ఎడమ బాణం పెడితే కర్సర్ లోపలికి వెళ్తోంది గానీ, నొక్కిన స్పేస్ కూడా వెంటపడి వచ్చి అక్కడే తిష్ట వేస్తోంది.

ఆ పీడ వదిలింది. విమ్ హెల్ప్‌లోనే, అబ్రీవియేషన్ల భాగంలో ‘ఈట్‌చార్’ అనే బుల్లి ఫంక్షన్ ఉంది. వరుసలో ఉన్న తర్వాతి అక్షరాన్ని అందుకుని, అది స్పేస్ అయితే మింగేస్తుంది, కాకపోతే తిరిగి ఇచ్చేస్తుంది. ఎడమ బాణం తర్వాత కంట్రోల్-ఆర్, ఈక్వల్ గుర్తుతో దాన్ని పిలవాలి. స్పేస్ బదులు కంట్రోల్‌తో మూసే చదరపు బ్రాకెట్ నొక్కితే ఫంక్షన్ అవసరమే లేదు. కానీ నా బొటనవేలు వింటేగా!

ఇంకో తలనొప్పి అన్‌డూ. బాణం కదిలిన చోట అది రెండు ముక్కలవుతుంది, చివరి మార్పును మళ్ళీ చేసే చుక్క కీ నొక్కితే సగమే చేస్తుంది. బాణానికి ముందు కంట్రోల్-జీ, పెద్ద యూ చేర్చాను, కుదిరింది. అయితే కర్సర్ అదే లైనులో కదిలితేనే ఇది పనిచేస్తుంది. మూడు లైన్ల ‘ఫర్’ లూప్‌కి వేరే దారి చూడాలి.