లీమా 47: పాత మోటారు ఉంచాలా, పీకెయ్యాలా?

డెర్బీ_శీను:
ఇక్కడ పాత బొమ్మల సంతలో లీమా అనే బొమ్మరైళ్ల కంపెనీ చేసిన క్లాస్ 47 డీజిల్ ఇంజన్ బొమ్మ దొరికింది. 1:76 సైజు, బ్రిటిష్ రైల్ నీలం రంగు, పసుపు ముఖం. చేత్తో తోస్తే గాని కదలదు. కదిలిందా, మిక్సీలో రాళ్లు వేసినట్టు మోత. పాయింట్ల మీదికి, అంటే పట్టాలు చీలే చోటికి, రాగానే ఆగిపోతుంది. పాత మోటారు పీకేసి సీడీ డ్రైవులోని చిన్న మోటారు పెట్టమని ఒకరు, అస్సలు ముట్టుకోవద్దని ఒకరు. పైకప్పు ఫ్యాను మీద ప్లాస్టిక్ జాలీ తీసి సన్నటి రేకు జాలీ పెట్టి, కాస్త మసి కూడా పూద్దామనుకుంటున్నా. ఏమంటారు?

పాతసరుకు:
మోటారు జోలికి పోకండి. ముందు శుభ్రం చెయ్యండి. మోటారుకు కరెంటు అందించే బొగ్గు బ్రష్షులు తీసి, అవి రాసుకునే కమ్యుటేటర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడవండి. రాగి ముక్కల మధ్య గాట్లలో బొగ్గు పొడి కూరుకుపోయి ఉంటుంది. అగ్గిపుల్ల కొన చెక్కి దాంతో తియ్యండి. సూది వాడారంటే రాగి గీసుకుపోతుంది. ఇరుసుకు ఒక్క చుక్క నూనె. ఒక్కటే. రెండో చుక్క వేస్తే అది పాకి పాకి కమ్యుటేటర్ మీదికే చేరుతుంది. ఇటలీలో ఆ కంపెనీ పని అయిపోయి, 2004లో బ్రిటన్ బొమ్మరైళ్ల కంపెనీ హార్న్‌బీ చేతికి పోయింది. ఆ మోటారు ఇప్పుడు కొత్తగా ఎవరూ చెయ్యరు.

కాజీపేట_ఫిట్టర్:
తమ్మీ, పాయింట్ల మీద ఆగుడుకు మోటారుతోని సంబంధం లేదు. లీమాల ఒక బోగీ, అంటే ఇంజన్ కింది చక్రాల సెట్టు, ఒక పట్టా నుంచే కరెంటు తీసుకుంటది, రెండో బోగీ రెండో పట్టా నుంచి. ఒక్క చక్రం లేచినా పని ఖతం. ఫాస్ఫర్ బ్రాంజ్ పట్టీలు కోసి మిగతా చక్రాలకు కూడ కరెంటు అందుకునే పికప్పులు పెట్టు. ఆ మోత మాత్రం మోటారుదే. తీసెయ్.

పాతసరుకు:
మోత గేర్లది సార్. సీడీ మోటారు పెట్టినా గేర్లు అవే కదా?

కాజీపేట_ఫిట్టర్:
మోటారుదే. 31 ఏండ్లు డీజిల్ షెడ్ల పన్జేసిన. చెవి పెడితే తెలుస్తది.

పాతసరుకు:
షెడ్లో ఉన్నది 2,600 హార్స్ పవర్ ఆల్కో డీజిల్ ఇంజన్. ఇది అరచేతిలో పట్టే బొమ్మ. రెండింటి మోతా ఒకటేనా?

టంకం_బాబు:
గొడవెందుకు? అసలు 47లనే విప్పేశారు కదా. 1998 నుంచి 33 బళ్లలో లోపలి సుల్జర్ డీజిల్ ఇంజన్ తీసేసి జనరల్ మోటార్స్ ఇంజన్లు పెట్టారు. క్లాస్ 57 అంటే అదే. అసలుదానికి లేని మడి బొమ్మకెందుకు?

పాతసరుకు:
మీరే చెప్పారు చూడండి, 57 అన్నారు! గుండె మార్చాక పేరూ మార్చారు. మీరు సీడీ మోటారు అంటించి, ఇంకా లీమా 47 అని చెప్పి అమ్ముతారు.

డెర్బీ_శీను:
ట్వీజర్‌తో ఇరుసు దగ్గర లాగితే బారెడు వెంట్రుక వచ్చింది, తివాచీ నూలు కూడా. మోత సగానికి సగం తగ్గింది!

కాజీపేట_ఫిట్టర్:
పటియాలా రైల్వే కార్ఖానల మన డబ్ల్యూడీఎం-2 ఆల్కోలను 3,100 హార్స్ పవర్‌కు పెంచి పంపిండ్రు. షెడ్ల చక్రాలు తిప్పే ట్రాక్షన్ మోటారు పోతే ఇంకో మోటారు ఎక్కిస్తం, పొద్దుగాల్లకు బండి లైన్ల ఉంటది. ఏ పార్టు పుట్టిన ఇంజన్లనే సచ్చేదాక ఉంటది చెప్పు? ఇంజన్ అంటే నడిచేది. అద్దాల బీరువాల పెట్టేది కాదు.

చూసిపోయేవాణ్ణి:
వెంట్రుక సంగతి ఎవరూ చదవలేదా?

టంకం_బాబు:
సీడీ మోటారు 6 వోల్టులది. మన కంట్రోలర్ 12 ఇస్తుంది. మధ్యలో రెసిస్టర్ మరవకండి.

పాతసరుకు:
బీరువా అన్నారు కాబట్టి చెప్తున్నా. 1986లో నాన్న మస్కట్ నుంచి ఒక లీమా సెట్టు తెచ్చాడు. ఇంజన్ అడుగున కంపాసు ముల్లుతో నా పేరులో మొదటి అక్షరం చెక్కుకున్నా. నాలుగేళ్ల కిందట బ్రష్షులు మార్చమని ఒకాయనకిచ్చా. కొత్త రంగు వేసి, కొత్త మోటారు పెట్టి, అడుగు నున్నగా గీకి తెచ్చిచ్చాడు. ఎంత బాగా చేశానో చూడు అన్నట్టు నిలబడ్డాడు. పాత మోటారేదండీ అంటే పారేశానన్నాడు. ఇప్పుడు బ్రహ్మాండంగా నడుస్తుంది. నేను నడపను.

కాజీపేట_ఫిట్టర్:
గట్ల చెప్పు మరి! రెండ్రోజుల సంది గేర్లు, గేర్లు అంటున్నవ్. నువ్వు కొట్లాడేది ఇంజన్ కోసమా, మీ నాయిన కోసమా?

పాతసరుకు:
నాన్న కోసమే. తప్పా?

కాజీపేట_ఫిట్టర్:
తప్పనలే. నా చెయ్యి పడ్డ ఆల్కోలు తుక్కుకు పోయినయ్. గ్యాస్ కట్టర్‌తోని కోస్తుంటే చూసిన. ఇయ్యాల ఏ ఇంజనన్న పక్కకు ఆగి ఉంటే దాని దిక్కు పోను. బొమ్మదైనా సరే. అందుకే నడిపియ్ అంటున్న, ఎట్లనన్న నడిపియ్. కానీ పాత మోటారు పారేసుడు మాత్రం తప్పే. తీసిన పార్టుకు చీటీ కట్టి ఉంచాలె.

పాతసరుకు:
ఆ చీటీ మాటేదో ముందే అనుంటే ఇంత రాసేవాణ్ణి కాదు.

టంకం_బాబు:
అంటే ఇప్పుడు నేనొక్కణ్ణే విలన్నా?

డెర్బీ_శీను:
పాత మోటారే ఉంచాను. అగ్గిపుల్ల పద్ధతి పనిచేసింది, తట్టకుండానే కదులుతోంది. పికప్పులు వచ్చే వారం. మసి ఎక్కడ పుయ్యాలి సార్?

కాజీపేట_ఫిట్టర్:
పైకప్పంత పుయ్యకు. పొగ ఎల్లే కాడ చిక్కగ, ఆడి నుంచి వెనక్కి పల్చగ. మన ఆల్కో అయితే నాచ్, అంటే జోరు మెట్టు, పెంచినప్పుడల్లా గాలి నూకే టర్బో అందుకునేదాక నల్లగ కక్కుతది, దానికి ఎంత పూసినా నడుస్తది. నీ 47కు నల్ల పొడి కుంచె కొనకు అంటీ అంటనట్టు. పక్కల మీద వాన నీళ్లు కారిన చారలు, పై నుంచి కిందికి. అడ్డంగ గియ్యకు.

డెర్బీ_శీను:
రబ్బరు టైర్లు కూడా గట్టిపడి జారుతున్నాయి.

పాతసరుకు:
చక్రం మీద గాడి కొలత పంపండి, నా దగ్గర రెండు జతలున్నాయి. మోత పూర్తిగా పోయిందా?

డెర్బీ_శీను:
సగం ఉంది.

కాజీపేట_ఫిట్టర్:
ఆ సగం మోటారుది.

పాతసరుకు:
గేర్లది.