మైండ్ మ్యాపులో క్రెబ్స్ చక్రం ఎలా గీస్తారు?
మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. బరంపురంలో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. అనాటమీకి మైండ్ మ్యాపులు (మధ్యలో విషయం రాసి కొమ్మలుగా విడదీసే పటాలు) బాగానే కుదిరాయి. చేతికి వెళ్లే నరాల అల్లిక, బ్రాకియల్ ప్లెక్సస్ అయితే పాత క్యాలెండరు వెనక ఒకే చూపులో కనిపిస్తుంది: సీ5 నుంచి టీ1 దాకా ఐదు వేర్లు, మూడు ట్రంకులు, ఆరు డివిజన్లు, మూడు కార్డులు (నరాల తాళ్లు). మెడ దగ్గర మొలిచి చేతిలోకి కొమ్మలు వేసే చెట్టే కదా అది!

బోల్తా పడింది బయోకెమిస్ట్రీలో. క్రెబ్స్ చక్రం అంటే కణంలో ఆహారం నుంచి శక్తి తీసే రసాయన చర్యల వలయం. దాన్ని కొమ్మలుగా విడదీస్తే ఆక్సలోఅసిటేట్ అనే పదార్థం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి తేలుతోంది. బాణాలన్నీ చిక్కుపడ్డాయి. సెలవులకు ఇంటికి వస్తే మా అమ్మ చూసి, "ముగ్గు చెడింది, చెరిపి మళ్లీ పెట్టు" అంది. రంగులు దిద్దడానికే ఆదివారమంతా పోయింది, అది వేరే సంగతి.

చక్రాలకు వేరే పద్ధతి ఏమైనా ఉందా? పుస్తకం చూస్తూ గీయాలా, మూసేసి గుర్తున్నంత గీసి తర్వాత సరిచూసుకోవాలా? ఈ పరీక్షలు దాటినవారు దయచేసి చెప్పండి.