వస్తువులో ఏ భాగం లేదో పాపకు గుర్తుపట్టడం ఎలా నేర్పాలి?

ఎల్‌కేజీ పాప అమ్మ (పటమట, విజయవాడ):
మా పాపకు నాలుగున్నరేళ్లు. స్కూల్ వర్క్‌షీట్‌లో కాలు లేని కుర్చీ, హ్యాండిల్ లేని సైకిల్ బొమ్మలున్నాయి. ఏం లేదో చెప్పమంటే ‘అన్నీ ఉన్నాయి’ అంటోంది. అబ్జర్వేషన్ తక్కువని డైరీలో రాసి పంపారు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. ఇలాంటి బొమ్మల పుస్తకాలు కొని రోజూ చేయించాలా?

ప్రీస్కూల్ టీచర్ (బ్రాడీపేట, గుంటూరు):
అంత కంగారు అక్కర్లేదమ్మా. 1908లో ఫ్రాన్సులో బినే, సైమన్ అనే సైకాలజిస్టులు పిల్లల వయసును బట్టి తెలివితేటల పరీక్షలు తయారుచేసినప్పుడు, బొమ్మలో లేని భాగం చెప్పడాన్ని 7 ఏళ్ల వాళ్లకు పెట్టారు. 1916లో అమెరికాలో టెర్మన్ అనే సైకాలజిస్టు దాన్ని 6 ఏళ్లకు తెచ్చారు. మీ పాపకింకా నాలుగున్నరే.

పుస్తకాలు కొనొద్దు. ఇంట్లో వస్తువులు చాలు. నేను క్లాసులో టార్చిలైటుతో మొదలుపెడతాను. ముందు పిల్లల చేతే వెలిగించి ఆర్పిస్తాను. తర్వాత వాళ్లు చూడకుండా బ్యాటరీలు తీసేసి మళ్లీ చేతికిస్తాను. స్విచ్ నొక్కుతారు, ఊపుతారు, అద్దానికి కన్ను ఆనించి చూస్తారు. ఒకసారి ఓ బాబు ‘టీచర్, తేలిగ్గా ఉంది’ అన్నాడు. బరువు తగ్గిందని వాడికి చేతికి తెలిసింది. కాగితం మీద బొమ్మకు ఆ బరువు ఎక్కడిది?

ఇంట్లో గుండీ ఊడిన చొక్కా, పిడి లేని మూత, రీఫిల్ తీసేసిన పెన్ను ఇవ్వండి. ‘ఏం లేదు?’ అని అడగకండి. ‘చొక్కా వేసుకో’, ‘గీత గియ్యి’ అని ఊరుకోండి. పని ఆగిన చోట పిల్లలే వెతుక్కుంటారు. వేలు పెట్టి చూపిస్తే చాలు, దాని పేరు మీరు అందించండి. ఇంకా చిన్నపిల్లలుంటే మాత్రం గుండీలు, రిమోట్లలో వేసే బిళ్ల బ్యాటరీలు అందనివ్వకండి. బిళ్ల బ్యాటరీ మింగితే ప్రాణం మీదకు వస్తుంది.

డ్రాయింగ్ మాస్టారు (సత్యనారాయణపురం, విజయవాడ):
టీచర్ గారు చెప్పింది సబబుగా ఉంది. ఒక్క సంగతి చూడండమ్మా, ఆ కుర్చీని ఏ వైపు నుంచి గీశారు? ఒక్కో కోణంలో నాలుగో కాలు మరుగున పడుతుంది. అలా గీస్తే లేదో, దాగిందో పెద్దవాళ్లకే తేలదు.

ఎల్‌కేజీ పాప అమ్మ:
మాస్టారూ, మీరడిగాక మళ్లీ తీసి చూశాను. కుర్చీకి మూడు కాళ్లే కనిపిస్తున్నాయి. ‘నాలుగోది ఏదమ్మా?’ అంటే ‘వెనకాల ఉంది’ అంది!

ప్రీస్కూల్ టీచర్:
చూశారా, పాప చక్కగా ఆలోచించే చెప్పింది. ఆ మాట యథాతథంగా డైరీలో రాసి పంపండి. ఇంట్లో కొండపల్లి ఎడ్లబండి బొమ్మ ఉంటే పక్క నుంచి చూపించి చక్రాలెన్నో అడగండి, తర్వాత తిప్పి చూసుకోనివ్వండి. దాగినదానికీ లేనిదానికీ తేడా చేత్తో పట్టుకున్నాకే తెలుస్తుంది. సైకిల్ బొమ్మకి తొందరేం లేదు. ముందు కింద ఆగి ఉన్న నిజం సైకిల్ చుట్టూ తిప్పండి, హ్యాండిల్ పట్టుకోనివ్వండి.