దండకవిలెలో దండ ఏ దండ? పొగడదండా, పొగడుదండా?

గంటం: విజ్ఞానకోశం కోసం ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మీద రాసిన వ్యాసం సమీక్షకు వచ్చింది. జావా దండయాత్ర పేరా కిందే "దండకవిలెలు, అనగా దండు లెక్కల పుస్తకాలు" అని ఉంది. తప్పేనని తెలుస్తోంది గానీ, ఆ దండ ఏ దండో తేల్చి చెప్పలేకపోతున్నాను. దానికి తోడు శ్రీనాథుడి సీసపాదం ఒకటి నాలుక మీద ఆడుతోంది. చివర "ఎదురెండ పొగడదండ" అనా, "పొగడుదండ" అనా?

తాటాకు: సైన్యం అర్థం కుదరదండీ. సైన్యానికి మన మాట దండు. అప్పుడు దండుకవిలె కావాలి, ఆ ఉకారం ఏమైపోయినట్టు? దండయాత్ర, దండనాయకుడు అంటారా, అవి రెండు వైపులా సంస్కృతమే. ఇక్కడ దండ అంటే గుచ్చినది. కవిలె అంటే తాటాకుల లెక్కల పుస్తకం. ఆకులకు చిల్లు పెట్టి తాడు దూర్చి కట్టేదే కవిలెకట్ట.

యతిమైత్రి: గుచ్చని కవిలె ఎక్కడుంది? అన్నిటికీ ఉన్న లక్షణాన్ని ఒకదానికే పేరుగా పెట్టరు. దండకు చేరువ అనే అర్థం కూడా ఉంది. కరణం తన చెంతనే ఉంచుకునే కవిలె అని నా అభిప్రాయం.

తాటాకు: చేరువ అర్థంలో దండ ఎప్పుడూ ఇంకో మాట వెనకాలే వస్తుంది, "నా దండ", "వాని దండ" అని. సమాసంలో ముందు నిలిచిన ప్రయోగం ఒక్కటి చూపించండి.

యతిమైత్రి: దండకడియంలో ముందే ఉంది కదా.

తాటాకు: అక్కడ దండ అంటే భుజం.

ఆకుకట్ట: వ్యుత్పత్తి కన్నా పెద్ద తప్పు ఆ పేరాలోనే ఉంది. దండకవిలెనూ కైఫీయత్తునూ ఒకటి చేశారు. దండకవిలె కరణాల ఇంట ముందునుంచీ ఉన్న తాటాకుల కట్ట. కైఫీయత్తు మెకంజీ మనుషులు ఊరికి వచ్చి అడిగితే, ఆ కవిలె చూసీ పెద్దలు చెప్పింది వినీ రాయించిన కాగితం. "1812లో మెకంజీ ఊరూరా తిరిగి సేకరించాడు" అన్న వాక్యం కొట్టేయండి. 1811 నుంచి 1813 దాకా ఆయన జావాలో ఉన్నాడు. ఇక్కడ పని నడిపింది కావలి లక్ష్మయ్య వంటి సహాయకులు. లక్ష్మయ్యకు అన్నగారు, మెకంజీ మరో సహాయకుడు అయిన బొర్రయ్య 1803లోనే పోయాడు కనుక ఆ తర్వాతి కైఫీయత్తులకు ఆయన పేరు తగిలించకూడదు. దేశభాషలు తనకు రావని మెకంజీయే ఒప్పుకున్నాడు, కాబట్టి "స్వయంగా చదివి" అన్నదీ పోవాలి.

హోదాలూ సరిచూడండి. 1799 శ్రీరంగపట్నం ముట్టడి నాటికి కెప్టెన్, 1806లో మేజర్, 1819లో కల్నల్. మొదటి వాక్యంలో కల్నల్ అనొచ్చు, ముట్టడి పేరాలో అనకూడదు. సర్వేయర్ జనరల్ పదవి రెండుసార్లు వచ్చింది: 1810లో మద్రాసుకు, 1815లో దేశమంతటికీ. వ్యాసం రెంటినీ కలిపేసింది.

గంటం: హోదాలు పేరా పేరాకూ సరిచేస్తాను. కైఫీయత్తా, కైఫియతా?

ఆకుకట్ట: కైఫీయత్తే. మూలంలో యకారం ద్విత్వం, కైఫియ్యత్. ద్విత్వం జారిపోయి ఫి దీర్ఘమైంది, గురువు గురువుగానే మిగిలింది. చివరి త్తు కసరత్తులో వచ్చినట్టే వచ్చింది.

యతిమైత్రి: మరమ్మతు, మరమ్మత్తు రెండూ వాడుకలో ఉన్నాయి. తకార ద్విత్వాన్ని నియమంగా చెప్పలేం. ఇంతకీ శ్రీనాథుడి సంగతి వదిలేశారు. ఆ సీసం నాలుగు పాదాల్లో నాలుగు శిక్షలు: మెడకు పొగడదండ, భుజానికి నల్లగుండు, కాళ్లకు నిగళాలు (సంకెళ్లు), ముంజేతికి వెదురుగొడియ (వెదురు బేడీ). కొండవీట విద్యాధికారిగా వెలిగినవాడు ఏడునూరు టంకాలు కట్టలేక ఎండలో నిలబడ్డాడు. కంఠాన్ని "కౌగిలించెను" అన్నాడు చూడండి, ఆ క్రియ పూలదండకే తగుతుంది. పొగడపూల పేరు శిక్షాసాధనానికి రావడమే ఆ పాదంలోని గుండెకోత. కనుక పొగడే.

తాటాకు: పొగడు అన్నా గుండెకోతే. పొగడ్తల దండ పడాల్సిన మెడ అది! గణాలు అడ్డురావు. పొగడ, పొగడు రెండూ నగణమే, మూడేసి లఘువులు.

గంటం: అంటే ఛందస్సుతో తేలదన్నమాట. దండకవిలెకు ప్రస్తుతానికి "ఊరి చరిత్ర, లెక్కలు రాసి ఉంచిన తాటాకుల కట్ట" అని మాత్రం రాస్తున్నాను. వ్యుత్పత్తి ఇవ్వడం లేదు.

తాటాకు: "గుచ్చిన" అని ఒక్క మాట చేర్చండి.

యతిమైత్రి: చేర్చకండి. నాలుగో పాదం మాత్రం ఛందస్సుతో తేలుతుంది. కొందరు "వెదురుగోడియ" అని చదువుతున్నారు. గోడియ భగణం (గురువు, రెండు లఘువులు), అక్కడ సూర్యగణం (నగణం గానీ, గురువు లఘువుల గలం గానీ) ఉండాలి. గొడియే సరైనది.