సొంతంగా చేసిన సబ్‌వూఫర్: సోఫా దగ్గర బేస్ రావట్లేదు

ప్రశ్న: సబ్‌వూఫర్ (బేస్, అంటే లోతైన శబ్దాలు వినిపించే స్పీకర్) కోసం 10 అంగుళాల డ్రైవర్‌కి (శబ్దం పుట్టించే భాగం) 18 ఎంఎం ప్లైవుడ్‌తో సీల్డ్ (గాలి చొరబడని) బాక్స్ నేనే చేశాను. పక్కన నిలబడితే బేస్ బాగుంది, సోఫాలో కూర్చుంటే మాయం. పెద్ద యాంప్లిఫైయర్ కొనాలా?

జవాబు: కొనకండి. 40 హెర్ట్జ్ బేస్ శబ్ద తరంగం పొడవు సుమారు 8.5 మీటర్లు. గోడలకు తగిలి తిరిగొచ్చిన తరంగం, నేరుగా వచ్చేదాన్ని మీ సోఫా దగ్గర రద్దు చేస్తున్నట్టుంది. అలాంటప్పుడు వాట్లు పెంచినా లాభం ఉండదు. సబ్‌ని సోఫా మీద పెట్టి 40 హెర్ట్జ్ టోన్ ప్లే చేయండి, గోడల వెంట పాకుతూ వినండి. గట్టిగా వినిపించిన చోటే సబ్ పెట్టండి. నాకైతే మూలలో దొరికింది.

మరో జవాబు: సబ్ వైర్లు ప్లస్, మైనస్ తిప్పి కూడా చూడండి. సోఫాలో ఏది బలంగా వినిపిస్తే అదే ఉంచండి.

అడిగినవారు: మూలకి జరిపాను, డ్రమ్ దెబ్బ ఛాతీకి తగులుతోంది! టెర్మినల్ ప్లేటు (బాక్స్‌కి వైర్లు తగిలించే చోటు) దగ్గర గాలి బుస్సుమంటోంది, రేపు సీల్ చేస్తాను.